ముడుచుకున్న యాంటెనాకే గండాలు ఎక్కువ

2024 మార్చిలో, నాసా, ఇస్రో కలిసి రూపొందించిన రాడార్ ఉపగ్రహం నైసార్ 12 మీటర్ల యాంటెనా రిఫ్లెక్టర్‌ను (రేడియో తరంగాలను తిప్పికొట్టే డిష్‌ను) బెంగళూరు నుంచి మళ్లీ కాలిఫోర్నియాకు పంపాల్సి వచ్చింది. అది విరగలేదు, వంగలేదు. కక్ష్యలోకి చేరాక, ఇంకా తెరుచుకోకముందు, ముడుచుకుని ఉన్న స్థితిలో అది ముందు అనుకున్న దానికంటే ఎక్కువగా వేడెక్కవచ్చని పరీక్షల్లో, లెక్కల్లో తేలింది. ఆ వేడికి విచ్చుకోవడమే దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎండను తిప్పికొట్టే టేపు అంటించి, మరికొన్ని జాగ్రత్తలు తీసుకుని, అక్టోబరులో దాన్ని తిరిగి బెంగళూరు చేర్చారు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగం జరిగింది. ఆగస్టు 15న రిఫ్లెక్టర్ తెరుచుకుంది.

అంటే కక్ష్యలో అది ముడుచుకుని ఉన్నది 16 రోజులు. ఆ 16 రోజుల కోసం భూమ్మీద ఏడు నెలలు పోయాయి. బయటివాళ్లకు ఇది అతి జాగ్రత్తగా కనిపించవచ్చు. కానీ ఈ రంగంలో పేరుపడ్డ వైఫల్యాలను వరసగా చూస్తే, తెరుచుకున్నాక పాడైన యాంటెనాల కంటే తెరుచుకోవడం దగ్గరే ఆగిపోయినవి ఎక్కువ. వాటికి కారణాలు వెతికితే చాలాసార్లు అంతకుముందు గడిచిన కాలంలో దొరుకుతాయి. గోదాంలో ఉన్న నెలలు, లారీలో కుదుపులు, రాకెట్ మీద ఊగిన కొన్ని నిమిషాలు, శూన్యంలో చలికి బిగుసుకున్న రోజులు. విచ్చుకోవడం కొద్ది నిమిషాల పని. డిజైనర్ అసలు పోరాటం దానికి ముందున్న నిరీక్షణతోనే.

అసలు ముడవడం ఎందుకు

రాకెట్ కొనలో ఉపగ్రహాన్ని కప్పి ఉంచే తొడుగు ఎంత వెడల్పుంటే, మడత లేని గట్టి డిష్ వ్యాసానికి అదే హద్దు. ఫాల్కన్ 9 తొడుగు బయటి వ్యాసం 5.2 మీటర్లు. లోపల వాడుకోగలిగేది 4.6 మీటర్లు. పాత స్పేస్ షటిల్ సరుకు అర కూడా సుమారు 4.6 మీటర్లే. అంతకంటే పెద్ద డిష్ కావాలంటే మడవక తప్పదు.

పెద్ద డిష్ ఉంటేనే సరిపోదు, దాని ఆకారం కచ్చితంగా ఉండాలి. ఉపరితలం లెక్క ప్రకారం ఉండాల్సిన వంపు నుంచి సగటున ఎంత తప్పితే ఎంత సిగ్నల్ పోతుందో జాన్ రూజ్ ఇచ్చిన సూత్రం చెబుతుంది. ఆ తప్పు తరంగదైర్ఘ్యంలో 50వ వంతు ఉంటే సుమారు 6 శాతం శక్తి పోతుంది. 20వ వంతుకు పెరిగితే దాదాపు మూడో వంతు పోతుంది. నైసార్ వాడే ఎల్ బ్యాండ్ రేడియో తరంగాల తరంగదైర్ఘ్యం 24 సెంటీమీటర్లు, అందులో 50వ వంతంటే 4.8 మిల్లీమీటర్లు. అదే 35 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే వాన రాడార్‌కు తరంగదైర్ఘ్యం 8.6 మిల్లీమీటర్లకు మించదు. అక్కడ 0.17 మిల్లీమీటర్ల తేడాకే లెక్క చెప్పాలి. మడత పెట్టి, రాకెట్‌లో కుదిపి, ఎండలో కాల్చి, చీకట్లో గడ్డకట్టించాక కూడా ఆ వంపు అంత కచ్చితంగా తిరిగి రావాలి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మడిచే యాంటెనా ఎందుకు చిన్నదవుతూ వస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మడిచే పద్ధతులు చాలానే ఉన్నాయి. 1974లో వెళ్లిన ఏటీఎస్-6 ఉపగ్రహం 9.1 మీటర్ల డిష్‌లో 48 అల్యూమినియం ఊచలను మధ్య ఇరుసు చుట్టూ చుట్టేశారు. వదిలితే వాటికవే నిటారయ్యాయి. ఆ డిష్ ద్వారానే 1975-76లో భారతదేశంలో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. ఇప్పటి పెద్ద రిఫ్లెక్టర్లలో ఎక్కువగా కనిపించేది గుండ్రటి చట్రం, దాని లోపల బిగించిన వల. ఆ వలను బంగారు పూత పూసిన మాలిబ్డినం తీగతో అల్లుతారు. తీగ వెంట్రుక కంటే సన్నం. రంధ్రాలు తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవి కాబట్టి రేడియో తరంగానికి ఆ వల గట్టి లోహపు రేకులాగే ఉంటుంది. నైసార్ రిఫ్లెక్టర్‌లో 123 కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థం) కడ్డీలున్నాయి, మొత్తం బరువు 64 కిలోలు. 12 మీటర్ల వెడల్పుకు ఇది ఆశ్చర్యపరిచే తేలిక. ఆ తేలికతోనే చిక్కులు కూడా వస్తాయి, ఎందుకంటే తేలికైనది ఏదైనా సులువుగా వంగుతుంది, ఊగుతుంది, దేనికో ఒకదానికి తగులుకుంటుంది.

డిష్‌లు కాక పొడవాటి బూమ్ యాంటెనాలు మరో వంశం. డ్రమ్ము మీద చదునుగా చుట్టిన లోహపు పట్టీ, బయటికి వస్తూ తనంతట తానే గొట్టంగా ముడుచుకునే పద్ధతిని కెనడా ఇంజినీర్ జార్జ్ క్లైన్ రూపొందించారు. 1962లో వెళ్లిన అలూయెట్ 1 ఉపగ్రహం ఆ పద్ధతిలోనే దాదాపు 45 మీటర్ల యాంటెనాను చాచింది. పెట్టె సైజు చిన్న నౌకలైన క్యూబ్‌శాట్‌లలో పలకలు మడిచే పద్ధతి బాగా పనికొచ్చింది. 2018 నవంబరులో ఇన్‌సైట్ నౌక అంగారకుడిపై దిగుతుండగా దాని సిగ్నళ్లను భూమికి అందించిన రెండు మార్కో నౌకలకు ఉన్నవి డిష్‌లు కావు, మడత విప్పిన చదును పలకలు.

గట్టిగా పట్టుకోవాలి, తేలిగ్గా వదలాలి

మెకానిజం డిజైన్‌లో మూల వైరుధ్యం ఇది. రాకెట్ ఎగిరేటప్పుడు ముడిచిన యాంటెనా భాగాలు ఒకదానికొకటి కొట్టుకోకూడదు. అతుకుల దగ్గర కొంచెం సందు ఏర్పడినా ఆ సందులో లోహం సుత్తిలా మోగుతుంది. అందుకని బోల్టులతో, కేబుళ్లతో బాగా లాగి బిగిస్తారు. కానీ బిగింపు పెరిగేకొద్దీ తాకే చోట ఒత్తిడి పెరుగుతుంది, పైపూత నలుగుతుంది, లోహానికి లోహం అతుక్కుంటుంది. పట్టుకోవడానికి చేసిన ప్రతి ఏర్పాటూ తర్వాత విడిపోవడానికి అడ్డమే.

భూమ్మీద ఇది అంతగా ఇబ్బంది పెట్టదు. గాలిలో ఉన్న ఏ లోహం మీదైనా సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. రాపిడికి అది చెరిగినా ఆక్సిజన్ ఉంది కాబట్టి వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. శూన్యంలో ఆ పొర ఒకసారి పోతే పోయినట్టే. తర్వాత మిగిలేది శుభ్రమైన లోహం మీద శుభ్రమైన లోహం. అవి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి, ఒక్కోసారి అతికిపోతాయి. నేలమీద గాలిలో చక్కగా జారిన జాయింటు అంతరిక్షంలో మొండికేయడానికి ఇది పెద్ద కారణం.

లూబ్రికెంట్ల సంగతి ఇంకా చిత్రం. మామూలు గ్రీజు శూన్యంలో ఆవిరై కటకాల మీద పేరుకుంటుంది, చలికి చిక్కబడుతుంది. ఆవిరి కాని ప్రత్యేక నూనెలున్నాయి కానీ అవీ బాగా చల్లబడితే గట్టిపడతాయి. గ్రాఫైట్ జారుడు గుణం గాలిలోని తేమ మీద ఆధారపడింది కాబట్టి శూన్యంలో పనికిరాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ దీనికి పూర్తిగా ఎదురు. శూన్యంలో అద్భుతంగా జారుతుంది, తేమ గాలిలో చెడుతుంది. అంటే అంతరిక్షం కోసం పూసిన పూతను భూమ్మీద చేసే పరీక్షలే అరగదీస్తాయి. ఎక్కువసార్లు తెరిచి చూస్తే నమ్మకం పెరుగుతుందనుకుంటాం. ఆ నమ్మకం కొంత పూతను ఖర్చుపెట్టి కొనుక్కున్నదే. ఎన్నిసార్లు తెరిచి చూడాలన్నది అందుకే ప్రతి ప్రాజెక్టులో తెగని చర్చ.

గెలీలియో కథ ఈ విషయంలో ఎప్పటికీ పాఠ్యాంశమే. గురుగ్రహానికి వెళ్లే ఆ నౌక ప్రధాన యాంటెనా 4.8 మీటర్ల గొడుగు. 18 ఊచలు, వాటి మధ్య బంగారు పూత వల. షటిల్ అర వెడల్పు కంటే కాస్త పెద్దది, అందుకే మడిచారు. ముడిచినప్పుడు ఊచలు మధ్య స్తంభానికి ఆనుకుని ఉంటాయి. ఊచలకున్న పిన్నులు సాకెట్లలో కూర్చుంటాయి. 1986లో చాలెంజర్ షటిల్ ప్రమాదం తర్వాత ప్రయోగం ఏళ్ల తరబడి వాయిదా పడింది. ఆ మధ్యలో నౌకను లారీల మీద కాలిఫోర్నియాకు, ఫ్లోరిడాకు మధ్య దేశమంతా అడ్డంగా తిప్పారు. యాంటెనా పక్కకు పడుకుని ప్రయాణం చేసింది, ఊచలు దారి పొడవునా అదురుతూనే ఉన్నాయి. పిన్నుల మీదున్న పొడి లూబ్రికెంట్ కొంత అప్పుడే రాలిపోయిందని తర్వాత విచారణలో నిర్ధారణకు వచ్చారు.

ఇంకో మలుపు ఉంది. శక్తిమంతమైన సెంటార్ రాకెట్ దశను భద్రత కారణంగా షటిల్ నుంచి తప్పించడంతో గెలీలియో నేరుగా గురుగ్రహానికి వెళ్లలేకపోయింది. శుక్రుడి దగ్గరికి, తర్వాత రెండుసార్లు భూమి దగ్గరికి వెళ్లి వేగం పుంజుకోవాల్సి వచ్చింది. శుక్రుడి దగ్గర ఎండ భూమి దగ్గరికంటే దాదాపు రెట్టింపు. విప్పిన యాంటెనా ఆ ఎండను తట్టుకోలేదు కాబట్టి దాన్ని నీడలో ముడిచే ఉంచారు. 1989 అక్టోబరులో బయల్దేరిన నౌకకు తెరుచుకొమ్మని ఆదేశం వెళ్లింది 1991 ఏప్రిల్ 11న. మోటార్లు తిరిగాయి, కొంతసేపటికి బిగుసుకుపోయాయి. యాంటెనా వైపు చూసే కెమెరా లేదు. మోటారు కరెంటును, నౌక తూగిన తీరును బట్టి ఇంజినీర్లు లెక్కగట్టారు. బహుశా మూడు ఊచలు స్తంభానికి అతుక్కునే ఉన్నాయి, గొడుగు ఒక పక్కకే విచ్చుకుంది.

ఆ తర్వాత రెండేళ్ల దాకా చేయని ప్రయత్నం లేదు. నౌకను ఎండవైపుకు, నీడవైపుకు తిప్పి స్తంభాన్ని సాగదీసి, కుదించి, పిన్నులు కొంచెం కొంచెంగా జరుగుతాయేమో చూశారు. మోటార్లను 13,000 సార్లకు పైగా ఆపి ఆపి కొట్టించారు. లాభం లేకపోయింది. చివరికి చిన్న యాంటెనాతోనే నెట్టుకొచ్చారు. సెకనుకు 134 కిలోబిట్లు పంపాల్సిన చోట, డేటాను కుదించే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, నేలమీద పెద్ద డిష్‌లను జతకలిపి కూడా, సెకనుకు 160 బిట్లే సాధ్యమయ్యాయి. అయినా అనుకున్న పరిశోధనలో దాదాపు 70 శాతం జరిగింది. ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల ఘనత, మెకానిజం వాళ్లది కాదు.

పిన్ను మీద పూత అరగడం ఒక్కటే అయితే యాంటెనా తెరుచుకునేదేమో. లారీ కుదుపులు, నాలుగేళ్ల నిల్వ, మారిన దారి, ఆలస్యంగా వెళ్లిన ఆదేశం అన్నీ వచ్చి ఆ కాస్త పూత మీదే పడ్డాయి. డిజైన్ చేసిన రోజున వీటిలో సగం కాగితం మీద లేవు.

చలి, వేడి, మిగులు బలం

భూమికి దగ్గరి కక్ష్యలో ఉపగ్రహం సుమారు గంటన్నరకోసారి ఎండలోంచి చీకట్లోకి, చీకట్లోంచి ఎండలోకి వెళ్తుంది. రాగి, అల్యూమినియం, టైటానియం, కాంపోజిట్ ఒక్కోటి ఒక్కో రకంగా వ్యాకోచిస్తాయి. ఆరు మీటర్ల అల్యూమినియం బూమ్ 200 డిగ్రీల తేడాకు 28 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది. సరిగ్గా కుదిర్చిన కార్బన్ ఫైబర్ బూమ్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ కదులుతుంది. పెద్ద యాంటెనాలన్నీ కార్బన్ ఫైబర్ వైపు మళ్లడానికి బరువు ఎంత కారణమో ఇదీ అంతే కారణం.

పెద్ద కొలతల కంటే చిన్న కొలతలే ఎక్కువ మోసం చేస్తాయి. అల్యూమినియం గూడులో 20 మిల్లీమీటర్ల టైటానియం ఇరుసు ఉందనుకుందాం. ఉష్ణోగ్రత 150 డిగ్రీలు పడిపోతే గూడు ఇరుసు కంటే ఎక్కువ కుంచించుకుపోతుంది. రెండింటి మధ్య తేడా 0.04 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇరుసు తిరగడానికి వదిలిన సందు కొన్నిసార్లు అంతే ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో వేలితో తిప్పితే తిరిగిన కీలు చలిలో బిగుసుకుపోయిందంటే ఆశ్చర్యపడాల్సింది లేదు. ఇక కీలు మీదుగా వెళ్లే వైర్ల కట్ట గురించి కొత్తవాళ్లు దాదాపు ఎప్పుడూ మర్చిపోతారు. గదిలో మెత్తగా వంగే ఆ కట్ట మైనస్ 100 డిగ్రీల దగ్గర కర్రలా గట్టిపడి, కీలుకు ఎదురు స్ప్రింగులా పనిచేస్తుంది. వేడిని ఆపడానికి కప్పిన పలచని పొరల దుప్పటి అంచు మడతలో ఇరుక్కోవడం కూడా ఇలాంటిదే.

వీటన్నిటినీ కచ్చితంగా లెక్కకట్టలేం కాబట్టి ప్రమాణాలు మిగులు బలాన్ని కోరతాయి. యూరప్ అంతరిక్ష మెకానిజాల ప్రమాణం ప్రకారం, కొలిచి చూడని ఘర్షణను లెక్కలో మూడు రెట్లు చేసుకోవాలి. వైర్ల అడ్డు, అతుక్కునే బలం కూడా అంతే. అలా పెంచిన మొత్తానికి కనీసం రెండు రెట్లు స్ప్రింగో మోటారో ఇవ్వగలగాలి. అంటే ఘర్షణ ఒక పాలు అనుకుంటే దాని కోసం ఆరు పాళ్ల బలం ఉంచాలి. పరీక్షించి కొలిస్తే మూడు రెట్లను ఒకటిన్నరకు తగ్గించుకోవచ్చు. తెలియనితనానికి కట్టే జరిమానా ఇది, కొలిస్తే తగ్గుతుంది. మంచి నియమం.

అయితే బలం ఊరికే రాదు. ఘర్షణ అనుకున్నంత లేకపోతే ఆ మిగులంతా వేగంగా మారుతుంది. చివర్లో లాచ్ (గడియ) పడే చోట బూమ్ గట్టిగా కొట్టుకుంటుంది, కీలు విరగవచ్చు, నౌక మొత్తం అదరవచ్చు. అందుకని వేగం తగ్గించే డ్యాంపర్ పెడతారు. డ్యాంపర్‌లో నూనె ఉంటే చలికి అదీ చిక్కబడుతుంది, దానికో హీటరు కావాలి, ఆ హీటరుకు వైర్లు కావాలి, ఆ వైర్లు మళ్లీ కీలు మీదుగానే వెళ్లాలి. నైసార్ మధ్యేమార్గం పట్టింది. చిన్న పేలుడు బోల్టులు తెగగానే చట్రంలో దాచిన బిగువు రిఫ్లెక్టర్‌ను కొంతవరకు విప్పింది, మిగతాది మోటార్లు కేబుళ్లతో నెమ్మదిగా లాగి లాక్ చేశాయి. అంతకుముందు రిఫ్లెక్టర్‌ను మోసే 9 మీటర్ల బూమ్‌ను ఆగస్టు 9 నుంచి ఒక్కో కీలు చొప్పున నాలుగు రోజులు తీసుకుని చాచారు. తొందర పడాల్సిన పని అక్కడ ఏమీ లేదు.

మోటారు లేని డిజైన్‌లో ఈ నిదానం కుదరదు. అంగారకుడి దగ్గరికి వెళ్లిన మార్స్ ఎక్స్‌ప్రెస్ నౌకలోని మార్సిస్ రాడార్‌కు 20 మీటర్ల బూములు రెండు, 7 మీటర్లది ఒకటి. గ్లాస్ ఫైబర్, కెవ్లార్ కలిపిన పలచని గొట్టాన్ని అక్కడక్కడ చీల్చి, 13 ముక్కలుగా మడిచి డబ్బాలో కుక్కారు. డబ్బా తలుపు తెరిస్తే గొట్టం దాని సాగుగుణంతో నిటారవ్వాలి. ఎంతో సరళమైన డిజైన్. 2003లో నౌక బయల్దేరింది. 2004లో తెరవాల్సి ఉండగా, కొత్త కంప్యూటర్ లెక్కల్లో బూమ్ కొరడాలా వెనక్కి ఊగి నౌకనే కొట్టవచ్చని తేలింది. ఏడాదికి పైగా ఆపేశారు. 2005 మే 4న మొదటి బూమ్‌ను వదిలితే 12 ముక్కలు లాక్ అయ్యాయి, పదోది కాలేదు. చలిలో చాలాకాలం ముడుచుకుని ఉండటంతో పదార్థం తన పాత ఆకారానికి పూర్తిగా రాలేకపోయిందని అంచనా వేశారు. నౌకను తిప్పి ఆ చోట ఎండ తగిలేలా చేశారు. మే 11 నాటికి అదీ లాక్ అయింది. రెండో బూమ్‌ను జూన్‌లో తెరిచేటప్పుడు ఈ అనుభవం చేతిలో ఉంది.

గెలీలియోకు పనిచేయని ఎండ చికిత్స మార్సిస్‌కు ఎందుకు పనిచేసింది? మార్సిస్‌లో అడ్డుపడింది పదార్థంలోని బిరుసు, అది వేడికి కరిగేదే. గెలీలియోలో అడ్డుపడింది లోహానికి లోహం పట్టుకున్న చోటు, దానికి వేడితో పెద్దగా పనిలేదు. ఒకే మందు అన్ని రోగాలకూ పనిచేయకపోయినా, నౌకను ఎండవైపు తిప్పగలిగే వీలు మాత్రం ప్రతి డిజైన్‌లో ఉంచుకోవాల్సిందే. వాడుకోవడానికి అదనంగా ఏ యంత్రమూ అక్కర్లేని ఆయుధం అది.

నేలమీద అంతరిక్షాన్ని తయారుచేయడం

పెద్ద యాంటెనాను భూమ్మీద పూర్తిగా పరీక్షించడం సాధ్యం కాదు. భారరహిత స్థితి కోసం చేసిన సన్నని చట్రం తన బరువు తానే మోయలేదు. పైనుంచి తీగలతో, కప్పీలతో, కొన్నిసార్లు హీలియం బెలూన్లతో వేలాడదీసి విప్పుతారు. అప్పుడు ఆ తీగల జడత్వం, కప్పీల ఘర్షణ కూడా ఫలితంలో కలుస్తాయి. గాలి వల్ల వల ఊపు తగ్గుతుంది, అంతరిక్షంలో అలా తగ్గించే గాలి ఉండదు. అందుకని ముక్కలుగా పరీక్షిస్తారు. కీలును విడిగా శూన్య గదిలో చలిలో, చట్రాన్ని విడిగా హాల్లో, వల బిగింపును మరోచోట. ముక్కలన్నీ పాసయ్యాయంటే మొత్తం పాసయినట్టు కాదు.

జపాన్ అంతరిక్ష సంస్థ దీన్ని గ్రహించి వేరే దారి ఎంచుకుంది. ఈటీఎస్-8 ఉపగ్రహానికి 19 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పున్న రిఫ్లెక్టర్లు రెండు కావాలి. ఒక్కోదానిలో 14 షడ్భుజి ముక్కలు. ముందుగా చిన్న నమూనాను 2000 డిసెంబరులో ఏరియన్ 5 రాకెట్ మీద పంపి అంతరిక్షంలో విప్పి చూశారు. అది మధ్యలోనే ఆగిపోయింది. డిజైన్ మార్చి 2006 అక్టోబరులో మళ్లీ నమూనా పంపితే విచ్చుకుంది. అదే ఏడాది డిసెంబరులో వెళ్లిన అసలు ఉపగ్రహం యాంటెనాలు రెండూ తెరుచుకున్నాయి. ఇంత ఓపిక, ఇంత ఖర్చు అందరికీ సాధ్యం కాదు, నిజమే. కానీ మొదటి నమూనా ఆగిపోయింది అసలు ఉపగ్రహం మీద కాదన్నదే ఆ ఖర్చుకు తగిన ఫలితం.

1996 మేలో షటిల్ నుంచి వదిలిన 14 మీటర్ల గాలితో ఉబ్బే యాంటెనా ఇంకో రకం పాఠం. మడతల్లో కొంచెం గాలి మిగిలిపోయి శూన్యంలో వ్యాకోచించింది. యాంటెనా చివరికి ఆకారం పొందింది కానీ తెరుచుకునే క్రమం ఎవరూ ఊహించినట్టు సాగలేదు. మడిచిన ప్రతి సందులో గాలి ఎటునుంచి బయటికి పోవాలో చూడడం డిజైన్‌లో ఓ చిన్న పని. చేయకపోతే అదే పెద్దదవుతుంది.

వాణిజ్య ఉపగ్రహాల్లో డబ్బు లెక్క వేరు. 2010 నవంబరులో వెళ్లిన స్కైటెర్రా 1 ఉపగ్రహం 22 మీటర్ల రిఫ్లెక్టర్ మొదట పూర్తిగా తెరుచుకోలేదు. ఉపగ్రహాన్ని కదిపి, కుదిపి కొన్ని వారాలకు తెరిచారు. 2023లో వెళ్లిన మొదటి వయాశాట్-3 ఉపగ్రహం యాంటెనా దగ్గర వచ్చిన సమస్యతో, అనుకున్న సామర్థ్యంలో పదో వంతు కూడా ఇవ్వలేని స్థితిలో మిగిలింది. మిగతా నౌకంతా బాగానే ఉండి కీలు ఒక్కటి మొరాయిస్తే వచ్చే నష్టం ఈ స్థాయిలో ఉంటుంది. ఆదేశం పంపాక స్క్రీన్ ముందు కూర్చునే ఆ కొన్ని నిమిషాల టెన్షన్ ఊరికే రాదు.

తెరుచుకున్నాక కూడా వంగే యాంటెనా నౌక కదలికలో వేలు పెడుతూనే ఉంటుంది. 1958లో అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1ను దాని పొడవు అక్షం చుట్టూ తిరిగేలా వదిలారు. పక్కలకున్న నాలుగు మెత్తని తీగ యాంటెనాలు వంగుతూ శక్తిని హరించడంతో అది త్వరలోనే పల్టీలు కొట్టడం మొదలుపెట్టింది. 2015లో వెళ్లిన స్మాప్ ఉపగ్రహంలో 6 మీటర్ల వల రిఫ్లెక్టర్‌ను నిమిషానికి 14.6 సార్లు కావాలనే తిప్పుతారు. తిరిగే వల సమతూకంలో ఉండాలంటే తెరుచుకున్నాక ఆకారం కచ్చితంగా రావాలి, లేకపోతే ప్రతి చుట్టూ ఉపగ్రహాన్ని ఊపుతుంది.

మడవకుండా ఉండగలిగితే

గెలీలియో తర్వాత దూర గ్రహాలకు వెళ్లిన నౌకల ప్రధాన యాంటెనాలను చూస్తే ఒక నిర్ణయం కనిపిస్తుంది. కాసినికి 4 మీటర్ల గట్టి డిష్, న్యూ హొరైజన్స్‌కు 2.1 మీటర్లు, జూనోకు 2.5 మీటర్లు, యూరోపా క్లిప్పర్‌కు 3 మీటర్లు. ఏదీ మడిచింది కాదు. డిష్ చిన్నదైనా పర్వాలేదు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడి, భూమ్మీది డిష్‌లను మెరుగుపరిచి ఆ లోటు పూడ్చుకోవచ్చు. మడత లేకపోతే మడత ఇరుక్కునే భయమే లేదు. భూమితో మాట్లాడటానికి వాడే ఏకైక పెద్ద యాంటెనా విషయంలో ఇదే సరైన తీర్పు. అది పోతే మిగతావన్నీ ఉన్నా వాటిలో సమాచారం బయటికి రాదు.

తక్కువ ఫ్రీక్వెన్సీ రాడార్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. మంచు పొరల కింద కిలోమీటర్ల లోతు చూడాలంటే 9 మెగాహెర్ట్జ్ లాంటి తరంగం కావాలి. దాని పొడవు 33 మీటర్లు, అందులో సగం పొడవున్న యాంటెనా ఉండాలి. గురుగ్రహానికి వెళ్తున్న యూరప్ నౌక జూస్‌లోని రైమ్ రాడార్‌కు 16 మీటర్ల యాంటెనా పెట్టింది అందుకే. అంత పొడవు మడవకుండా ఏ రాకెట్‌లోనూ పట్టదు.

2023 ఏప్రిల్ 14న బయల్దేరిన జూస్, గెలీలియోలాగే శుక్రుడి మీదుగా వెళ్లాల్సిన నౌక. కానీ డిజైనర్లు రైమ్‌ను ముడిచి శుక్రుడి దాకా మోయాలనుకోలేదు, బయల్దేరిన కొద్ది రోజుల్లోనే తెరవాలనుకున్నారు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు సిగ్నల్ బాగుంటుంది, ఏదైనా ఇరుక్కుంటే ప్రయత్నించడానికి సమయమూ ఉంటుంది. అనుకున్నట్టే ఇరుక్కుంది. బిగింపు బ్రాకెట్‌లో చిన్న పిన్ను కదలక, యాంటెనా మూడో వంతు మాత్రమే చాచుకుని ఆగింది. ఈసారి చూడటానికి కెమెరాలున్నాయి. నౌకను ఎండవైపు తిప్పారు, థ్రస్టర్లతో కుదిపారు. చివరికి మే 12న, అదే బ్రాకెట్‌లో ఉన్న మరో విడుదల సాధనాన్ని పేల్చకుండా వదిలే పద్ధతిలో విడుదల చేశారు. ఆ అదురుకు పిన్ను కొన్ని మిల్లీమీటర్లు జరిగింది. యాంటెనా విచ్చుకుంది.

ఆ అదురు డిజైన్‌లో ఉద్దేశించిన పని కాదు. విడుదల సాధనాలను ఒకదాని తర్వాత ఒకటి, విడివిడిగా ఆదేశించేలా అమర్చడం వల్ల అది దొరికింది. అన్నీ ఒకేసారి తెగేలా ఉండి ఉంటే ఇరుక్కున్నాక వాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. 2025 ఆగస్టు చివర్లో జూస్ శుక్రుడిని దాటేటప్పుడు దాని మడత లేని ప్రధాన డిష్‌నే ఎండకు అడ్డుగొడుగుగా వాడారు. రైమ్ అప్పటికి రెండేళ్లకు పైగా పూర్తిగా తెరుచుకునే ఉంది. 2031 జులైలో గురుగ్రహం చేరాక దానికి ఎదురయ్యేది భూమి దగ్గరి ఎండలో 27వ వంతు ఎండ, గట్టి రేడియేషన్. తెరిచే కీళ్ల గురించి మాత్రం ఇక ఎవరూ ఆలోచించాల్సిన పని లేదు.